చైనా ముసలమ్మ

సెప్టెంబర్ 14, ఆదివారం

ఈ డైరీ నాది కాదు. మడికొండ కంపెనీవాళ్లు జనవరిలో మా ఆవిడ సుకన్యకు ఇచ్చారు. తొమ్మిది నెలల్లో ఆమె ఇందులో నింపింది ఒక్క పేజీ, అది కూడా గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీలతో. ఇంత మంచి కాగితం వృథా పోతుందని నేను మొదలుపెట్టాను. భార్య చైనాకు పోయిందని దిగులుపడి రాస్తున్నది మాత్రం కాదు.

శంషాబాద్‌లో ఆమెను దింపి నేనూ మా అమ్మాయి అక్షరా సాయంత్రానికి వరంగల్ కాశిబుగ్గ చేరాం. పది వారాలు. కంపెనీ కొత్తగా కొంటున్న తివాచీల మెషీన్ నేర్చుకోవడానికి డిజైన్ సెక్షన్ నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. ఆ ఒక్కరూ సుకన్య అయింది. జంపఖానాలు నేసే యాకమ్మ కూతురు, టెన్త్ తర్వాత ఐటీఐ. నేను ఎంఏ, బీఈడీ. తొర్రూరు రోడ్డులోని హైస్కూల్లో సోషల్ సార్‌ని. గోడకు మ్యాపు తగిలించి, హ్వాంగ్‌హో నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో పంతొమ్మిదేళ్లుగా కర్రతో చూపిస్తున్నాను.

లోపలికి పోయేముందు అడిగింది. "ఆడ టైం మనకంటె ముందా, ఎనుకనా?"

"రెండున్నర గంటలు ముందు."

"అయితే నీకంటె ముందే పొద్దు చూస్త" అని నవ్వింది.

నా పాస్‌పోర్టు బీరువాలో ఉంది. ఎనిమిదేళ్ల కిందట టీచర్లమంతా శ్రీలంక పోదామనుకున్నప్పుడు తీసుకున్నాను. ఆ టూరు జరగలేదు. అందులో ఒక్క ముద్ర కూడా లేదు. సుకన్యది మొన్న ఆగస్టులో వచ్చింది.

సెప్టెంబర్ 17

షావోషింగ్ అనే ఊరట. బట్టల మిల్లులకు పేరుపడ్డ చోటు. వీడియో కాల్ చేస్తే రోమింగ్ ప్యాక్ అయిపోతుందని వాయిస్ మెసేజ్‌లు పంపుతోంది. మొదటిది నాలుగు నిమిషాలు.

"ఏమయ్యా, తిన్నవా? ఈడ గూడ మన లెక్కనే, కనవడంగనే తిన్నవా అనే అడుగుతరట. అందరు వేడి నీళ్లే తాగుతాండ్రు. ఎండల గూడ వేడి నీళ్లే, ఎవల ఫ్లాస్క్ వాళ్లది. నేను సల్లటి నీళ్లడిగితే లిన్ అని మాకు ఇంగ్లీషుల చెప్పే పిల్ల ఉన్నది, అది నాకు కడుపునొప్పి లేస్తదని భయపడ్డది. ఇగ పన్నెండున్నరకు లైట్లు బంద్ చేస్తరు. మేనేజర్ కాడ్నుంచి ఊడ్చేటామె దాక టేబుల్ మీద తలపెట్టి పండుకుంటరు. గురక గూడ పెడ్తరు. లైట్లు ఎలగంగనే ఏం జరగనట్టు లేచి పని జేస్తరు. నువ్వు చూడాలె ఇది. నువ్వు స్టాఫ్ రూంల కునుకు తీస్తే హెడ్మాస్టర్ లొల్లి పెట్టిండు గదా."

మా స్టాఫ్ రూం కునుకు సంగతి చైనాలో ఎంతమందికి చెప్పిందో.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఇవాళ ఎంగిలి పూల బతుకమ్మ. మా అత్త యాకమ్మ వచ్చి అక్షరను తీసుకుపోయింది. ఇంట్లో నేనొక్కడినే ఉన్నప్పుడు మెసేజ్ వచ్చింది. మూడుసార్లు విన్నాను. ఆడియో సరిగా లేదు, అందుకని.

"పుల్లలతోటి తినుడు ఇంక చాతనైతలేదు. షెన్ మేస్త్రి అని, మాకు మెషీన్ నేర్పేటాయన, ఆయనే నా గిన్నెల ఏస్తాండు. నడుమల పెద్ద పళ్లెం ఉంటది, అందరు అండ్లనే తింటరు. అండ్లకెల్లి మంచి ముక్క జూసి తీసి నా గిన్నెల పెడ్తడు. నేను తిన్న. మళ్ల పెట్టిండు. మళ్ల తిన్న. మళ్ల పెట్టిండు. ఇడువడాయె మనిషి." ఇక్కడ నవ్వు. చాలాసేపు నవ్వు. "ఆ కూర పేరేందో, ఆవాల ఆకు ఎండబెట్టి చేస్తరట. నీకైతే పుస్తకాలల్ల చదివి తెలుస్తుండె."

నేను ఒక్క ప్రశ్న టైపు చేసి పంపాను. ఆయన పుల్లలతోనేనా?

"మరి ఎవల పుల్లలతోటి?" అని జవాబు.

అంటే ఆయన నోట్లో పెట్టుకున్న పుల్లలే. ఎంగిలి పుల్లలు. వాటితో ముక్క తీసి నా భార్య గిన్నెలో పెడుతున్నాడు, ఆమె తింటోంది. మా ఇంట్లో ఎవరి కంచం వాళ్లది. నా కంచంలో సుకన్య గరిటెతో వడ్డించిందే తప్ప తన చేత్తో ముక్క తీసి పెట్టింది లేదు. నేనూ పెట్టలేదు. పెళ్లిరోజు బువ్వ బంతిలో ఒకరికొకరం తినిపించుకున్నాం. అది కూడా ఫొటో సరిగా రాలేదని రెండోసారి పెట్టించారు.

నేను మూర్ఖుడిని కాను. ఒక్కో దేశానికి ఒక్కో ఆచారం, గౌరవించాలి పిల్లలూ అని చెప్పేవాడిని నేనే.

సెప్టెంబర్ 22

ఆ మేస్త్రికి వయసెంతో అడగలేదు. నాకెందుకు.

సెప్టెంబర్ 24

రాజేశ్వర్ రావు వారపత్రిక నడుపుతాడు. ఇన్నేళ్లలో నేను అతనికిచ్చిన వ్యాసాలు పదిహేను ఉంటాయి, వేసింది రెండు. ఈరోజు చౌరస్తాలో పట్టుకుని సుకన్య కబుర్లు అడిగాడు. హోటల్లో కూర్చుని వేడి నీళ్ల మెసేజ్ వినిపించాను. పుల్లలది వినిపించలేదు.

"మస్తున్నది. మేడం చైనా ముచ్చట్లు మన పేపర్ల ఏద్దాం సారూ. నువ్వు కాగితం మీద పెట్టియ్యి" అన్నాడు.

"నా వ్యాసాలు వద్దంటివి."

"నీయి గట్టిగ ఉంటయ్ సదానందం. కొరికితే పళ్లు కదులుతయ్. ఆమెది మెత్తగున్నది."

సరే, రాసిస్తానన్నాను. భార్య పేరు పేపర్లో వస్తుంటే వద్దనేవాడిని కాదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

వచ్చింది. 'షావోషింగ్ నుంచి సుకన్య'. వేడి నీళ్లు, పగటి నిద్ర, సాయంత్రాలు పెద్ద వయసు ఆడవాళ్లంతా బజార్లో పాటలు పెట్టుకుని వరసలు కట్టి ఆడటం. మనవాళ్లు బతుకమ్మ చుట్టూ ఆడినట్టే ఉంటుందన్న పోలిక ఆమెదే, వాక్యం నాది. కింద చిన్న అక్షరాల్లో 'సేకరణ: సదానందం' అని వేశారు. ఆకులు ఏరుకొచ్చినట్టు, సేకరణ.

అక్షర ఫొటో తీసి పంపింది. సుకన్య గొంతులో సంతోషం. "నువ్వే రాసినవా? నేను మాట్లాడినట్టే ఉన్నది. ఇంక మంచిగున్నది."

స్థలాభావం వల్ల కొన్ని మాటలు తగ్గించాను. మేస్త్రి ఊసు ఈ వారం రాలేదు. అవసరం పడలేదు.

అక్టోబర్ 3

దసరా సెలవులు. ఫొటో వచ్చింది. కొత్త మెషీన్ ముందు సుకన్య, లిన్, పక్కన ఆయన. నలభై అయిదు ఉండొచ్చు. సన్నగా ఉన్నాడు. జుట్టు మొత్తం ఉంది.

"అమ్మ నేసే మెట్ల అంచు కాగితం మీద గీసి సూపెట్టిన. మెషీన్ మీద ఇది రాదు, కోణం కాడ పోగు తెగుతదని అందరు అన్నరు. షెన్ మేస్త్రి ఏమనలే. పగలు పండుకునే టైంల పండుకోకుంట కూసోని, కంప్యూటర్ల ఒక్కొక్క గడి నింపిండు. లైట్లు బంద్ గదా, ఫోన్ లైటు పట్టుకోని. లేచేటాలకు అంచు దిగింది. నాకు ఏడుపొచ్చింది. నువ్వుంటే నువ్వు గూడ ఏడుస్తువు."

ఆ దేశంలో మేనేజర్ కూడా మానుకోని నిద్ర నా భార్య కోసం మానుకున్నాడు.

నేను ఎందుకు ఏడుస్తాను?

అక్టోబర్ 7

నిన్న వాళ్లకు చంద్రుడి పండుగ. లిన్‌నూ సుకన్యనూ మేస్త్రి ఇంటికి పిలిచాడు. పెళ్లాం ఉందట. ఇంకో ఊళ్లో పనిచేస్తుంది, పండుగకు వచ్చింది. మంచిదే. ఉన్నంత మాత్రాన ఏమిటి?

ఇది తొమ్మిది నిమిషాల మెసేజ్. వరుసగా రాస్తాను.

"ఉత్త చేతులతోటి ఎట్ల పోతమని చామంతులు కొనుక్కపోయిన. మనం బతుకమ్మ పేర్చే పూలేనాయె. లిన్ ఆలిశంగ వచ్చింది, చూసి తలకాయ పట్టుకున్నది. చామంతి వాళ్లు చచ్చినోళ్లకు పెడ్తరట. మేస్త్రి భార్య ఒక్క మాట అనలే. రెండు చేతులతోటి తీసుకోని నీళ్లల్ల పెట్టింది.

ఇంట్ల వంట ఆయనదే. పండుగ ఒక్కనాడే గాదు, రోజు ఆయనే అట. ఆమె నా పక్కపొంట కూసోని పండు వొలిచి నాకు పెట్టింది. నేను గూడ కూసున్న. రెండు గంటలు ఎవలకు ఏం వడ్డియ్యలే. ఎట్లనో అనిపిచ్చింది నాకు. లేవబోతే కూసో కూసో అన్నరు.

ఇగ అసలు ముచ్చట ఇను. ఆయన ఏసుడు, నేను తినుడు, ఆయన ఏసుడు, ఈడ గూడ అదే. మేస్త్రి భార్య చూసి చూసి లిన్‌తోటి చెప్పిచ్చింది. గిన్నె ఖాళీ జేస్తె ఇంక ఆకలున్నదన్నట్టట. కడుపు నిండితే జర ఇడిసిపెట్టాలెనట. అమ్మ నాకేమో మెతుకు ఇడువద్దని నేర్పె. ఆయనకేమో చుట్టం గిన్నె ఖాళీ ఉండద్దని నేర్పిరి. మూడు వారాలు ఒకలకొకలం మర్యాద జేస్కుంట సచ్చినం." దగ్గు వచ్చేదాకా నవ్వింది. "కడుపు మందుబిళ్లలు గూడ మింగిన. నువ్వుంటే నా గిన్నెలయి సగం నీకు ఏస్తుంటి."

మగవాడు వంట చేస్తే అదొక పెద్ద వార్త. అన్నం వార్చడం నాకూ వచ్చు. బీఈడీ రూములో ఉన్నప్పుడు వార్చాను.

అక్టోబర్ 9

ఈ గిన్నె ముచ్చట పత్రికకు రాయాల్సిందే. ఇంతకంటే మంచిది రాదు. రాజేశ్వర్ రావు ఎగిరి గంతేస్తాడు. అయితే ఊరంతా చదివే పేపర్లో, ఫలానా మగవాడు మా ఆవిడ గిన్నెలో ముక్కలు పెడుతుంటాడని నా చేత్తో రాయాలా? కాశిబుగ్గలో ఎట్లా అర్థం చేసుకుంటారు? ఇది సుకన్య మర్యాదకు సంబంధించిన విషయం. నా కోసం ఆలోచించడం లేదు.

మేస్త్రి తీసేశాను. ఆ చోట ఒక ముసలమ్మను పెట్టాను. ఎనభై ఏళ్లు, నోట్లో ఒక్క పన్ను లేదు, మోకాళ్ల నొప్పులు, చేతికర్ర. జీవితమంతా మగ్గం మీద గడిపింది. మనవరాలి వయసున్న సుకన్యను చూసి ముచ్చటపడి గిన్నెలో ముక్కలు వేస్తుంటుంది. సుకన్య అంచు కోసం పగటి నిద్ర మానుకున్నది కూడా ఆ ముసలమ్మే. మొగుడు యుద్ధంలో పోయాడని కూడా రాయబోయాను. ఏ యుద్ధమో తేల్చాలి కాబట్టి తీసేశాను.

రాసేవాడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉంటుంది.

అక్టోబర్ 12, ఆదివారం

ఈ వారం పేపర్ చౌరస్తాలో పదింటికల్లా అయిపోయింది. హోటల్లో ఇద్దరు, బడి దారిలో ఒకరు, పాలు పోసేటామె కూడా. అందరూ ముసలమ్మ గురించే. రాజేశ్వర్ రావు ఫోన్ చేసి, "ఆ ముసలామెను ఇడువకు సారూ, ప్రతి వారం తే" అన్నాడు.

అమ్మకు నేనే పంపుతానని అక్షరతో చెప్పాను. పంపుతాను. రోమింగ్ ప్యాక్ ఎందుకు అవగొట్టాలి, వచ్చాక తీరిగ్గా చదువుకుంటుంది.

అక్టోబర్ 16

మా అత్తకు అక్షర పేపర్ చదివి వినిపించిందట. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పొద్దున వచ్చి గడపలో కూర్చుంది.

"బిడ్డా, ఆ ముసలామెకు పండ్లు లేవా ఒక్కటి గూడ?"

"లేవు అత్తమ్మా."

"మోకాళ్లు గూడ నొస్తయా?"

"నొస్తాయి."

"పాపం. నా పిల్లను కడుపుల పెట్టుకోని సూస్తాంది. ఒక చిన్న జంపఖానా నేస్తాన ఆమెకు. కిందేసుకోని కూసుంటది."

మగ్గం మీద పోగులు ఎక్కించిందట. ఏ రంగు బాగుంటుందని నన్ను అడిగింది. ఎరుపన్నాను.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. మెసేజ్ చిన్నదే. "ఏమయ్యా, కంపెనీ సారు అడుగుతాండు. వరంగల్‌ల మెషీన్లు దించే ముంగట ఇంకొక పని పూర్తిగ నేర్చుకోవాలెనట. జనవరి నుంచి ఆరు నెలలు. వాపసు వచ్చినంక నన్ను సెక్షన్ హెడ్ చేస్తరట. నాకు పోబుద్ధైతాంది. నువ్వేమంటవ్?"

నాకు పోబుద్ధైతాంది. ఆ మాట దగ్గర గొంతు ఎట్లా ఉందో మళ్లీ విన్నాను.

జవాబు పెద్దగా రాశాను. అక్షరకు ఇంటర్ సెకండియర్ పరీక్షలు ఉన్నాయనీ, తల్లి పక్కన లేక చదువు మీద మనసు నిలపడం లేదనీ, ఇప్పటికే చిక్కిపోయిందనీ. చదివి పంపే లోపు అక్షర వెనక నిలబడి ఉంది.

"నేనెప్పుడు చిక్కిన డాడీ? రెండు కిలోలు పెరిగిన. నా పరీక్షలు నేనే రాస్త. నా పేరెందుకు పెట్టినవ్?"

పెద్దవాళ్ల విషయాలన్నాను. పంపాను. "సరె, ఆలోచిస్త" అని వచ్చింది.

అక్టోబర్ 23

ఇవాళ మెసేజ్ రెండు నిమిషాలు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అక్షర పేపర్ పంపింది. అన్నం తినేటప్పుడు వచ్చింది. నా పేరు జూసి నాకు సంబురమైంది, సదువకముందుకే అందరికి సూపెట్టిన. మేస్త్రిని పిలిచి, ఇండ్ల మీ గురించి ఉంటది, మా ఆయన రాసిండు అని చెప్పిన. లిన్ ఫోన్ అడ్డంపెడితే ఆ ఫోనే తెలుగును చైనా మాటల్లకు మార్చి గట్టిగ చదివింది. టేబుల్ కాడ ఇరువై మంది ఉన్నరు. పండ్లు లేని ముసలమ్మ. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ. అందరు మేస్త్రిని జూసి ఒక్కటే నవ్వుడు. ఆయన గూడ నవ్విండు. తర్వాత నన్ను నిమ్మలంగ అడిగిండు, మీ ఆయన నన్ను ముసల్దాన్ని ఎందుకు జేసిండు అని.

నాకు ఎరుకే ఎందుకు జేసినవో. ఆయనకు ఏం చెప్పాలె? మా దేశంల ముసలోళ్లంటె మస్తు ఇజ్జత్, అందుకే అట్ల రాస్తరని చెప్పిన. నీ కోసం అబద్ధమాడిన. నన్ను జూసుకుంట గూసున్న ఇరువై మంది ముంగట.

నేను ఏం తప్పు జేసిన? చెప్పు. ఉన్నదంత నీకే చెప్తి గద. దాసుకుంటె దాసుకోపోదునా?"

ఇది కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అక్టోబర్ 24

మెసేజ్ రాలేదు.

అక్టోబర్ 25

రాలేదు. నేను మూడు పంపాను. చూసినట్టు నీలం గీతలు వచ్చాయి.

అక్టోబర్ 27

అక్షరతో మాట్లాడుతోంది. నాతో లేదు. "బాగున్నదా?" అని అడిగితే, "నువ్వే అడుగు డాడీ" అంటుంది.

అక్టోబర్ 30

ఈ వారం పత్రికకు ఏమీ ఇవ్వలేదు. ముసలమ్మకు జ్వరమని చెప్పమంటావా అన్నాడు రాజేశ్వర్ రావు. ఫోన్ పెట్టేశాను.

నవంబర్ 1

సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చుని పాత మెసేజ్‌లన్నీ మొదటి నుంచి విన్నాను. ముప్పై నాలుగు. ఇంతకాలం వాటిలో మేస్త్రి ఎన్నిసార్లు వచ్చాడో వెతుక్కుంటూ విన్నాను. ఇవాళ కూడా అందుకే మొదలుపెట్టాను, దాచుకోవడమెందుకు.

మేస్త్రి తొమ్మిదింటిలో ఉన్నాడు. నేను ముప్పై నాలుగింటిలోనూ ఉన్నాను.

నువ్వు చూడాలె ఇది. నువ్వుంటే అడుగుదువు. నీకైతే పేరు తెలుస్తుండె. నువ్వుంటే నా గిన్నెలయి సగం నీకు ఏస్తుంటి. కాలువ మీద పాత రాతి వంతెన ఎక్కినప్పుడు, "ఇది ఎప్పటిదో నువ్వైతే చెప్తువు, వీళ్లకు ఎవలకు ఎరుక లేదు." ప్రతి మెసేజ్ చివర ఏదో ఒకటి. పత్రికకు రాసేటప్పుడు ప్రతిసారీ నేను కొట్టేసింది కూడా ఆ వాక్యాన్నే. పాఠకులకు అక్కర్లేదని, చోటు చాలదని.

ఆ తొమ్మిది నిమిషాల్లో ఆమె నాకు చెప్పింది వాళ్ల ఇంట్లో రెండు గంటలు కూర్చోగలిగానని. నేను విన్నది పుల్లల చప్పుడు.

అయినా ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో మండుతూనే ఉంది. నిజం రాయాలంటే అది కూడా రాయాలి. ఆయన ఏమీ చేయలేదని తెలుసు. నేను చేయనివి చేశాడు, అదే మంట.

నవంబర్ 2

అత్త ఇంటికి పోయాను. ఎర్ర జంపఖానా సగం నేసింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. ముసలమ్మ లేదని, అది నలభై అయిదేళ్ల మగమనిషని చెప్పాను.

పోగుల మధ్య ఆడే నాడె ఆపలేదు.

"ఎందుకు జేసినవ్ బిడ్డా?"

"కుళ్లు అత్తమ్మా." బయటికి అనడం ఇదే మొదలు.

"మీ మామకు గూడ ఉండె కుళ్లు. మగ్గం మీద నా చెయ్యి ఆయన చెయ్యికంటె ఉరుకుతుండె. మూడు మూడు దినాలు మాట్లాడకపోతుండె."

"నువ్వేం చేసేదానివి?"

"ఏం జేస్త. చెయ్యి ఆపలే." పోగు తెగితే ముడి వేసింది. "ఇది పంపుడే. ముసలామెకైతేంది, మేస్త్రికైతేంది. కూసునుడు ఇద్దరిదీ కిందనేనాయె."

నవంబర్ 3

రాజేశ్వర్ రావు ఆఫీసుకు పోయి సవరణ వేయమన్నాను. కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఏంది సారూ ఇది? ముసలామెకు ఉత్తరాలు వస్తాన్నయ్. ఒకాయన మోకాళ్లకు నూనె సీస తెచ్చి ఇచ్చిండు, అగో ఆడున్నది. ఇప్పుడు ఆమె లేదంటే నన్ను తంతరు."

"లేదు కాబట్టి లేదని వేయాలి."

"నీకే నామోషీ గదా."

"అవును."

"పేరు తీసేసి, అచ్చుతప్పు అని ఏద్దాం."

"వద్దు. ఉన్నదున్నట్టు వెయ్యి. ఈ పదహారో వ్యాసం ఒక్కటి నా కోసం వెయ్యి."

నవంబర్ 9, ఆదివారం

వచ్చింది. రెండో పేజీలో, పెట్టె కట్టి. ఇక్కడ ఎక్కిస్తున్నాను.

'అక్టోబర్ పన్నెండున ఈ శీర్షికలో రాసిన చైనా ముసలమ్మ లేదు. మా ఆవిడ గిన్నెలో ముక్కలు పెట్టినదీ, ఆమె తల్లి నేసే అంచు కోసం పగటి నిద్ర మానుకున్నదీ షెన్ అనే మేస్త్రి. ఆయనకు పళ్లన్నీ ఉన్నాయి. ఆయనను ముసలమ్మగా మార్చింది నేను. కారణం అసూయ. సుకన్య చెప్పినవన్నీ నిజాలు, నేను రాసినవే కావు. ఆమె ప్రతి ముచ్చట చివరా నువ్వు కూడా చూడాలి అని ఒక మాట ఉండేది. అది కూడా కొట్టేశాను. షెన్ మేస్త్రిని, సుకన్యను, పాఠకులను క్షమించమని కోరుతున్నాను. సదానందం, సోషల్ టీచర్.'

హోటల్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. స్టాఫ్ రూంలో రేపు మాట్లాడతారు. ఫొటో తీసి నేనే పంపాను. కింద ఇంకొకటి రాశాను. అక్షర పరీక్షల సంగతి అబద్ధం, నీకు పోబుద్ధైతే పో.

సాయంత్రానికి ఒక్క మాట వచ్చింది. "చూసిన."

నవంబర్ 15

చిన్న మెసేజ్. నాకే. "లిన్ ఫోన్ పెట్టి చదివింది. ఆయనకు పండ్లన్ని ఉన్నయ్ అన్న కాడ మేస్త్రి నోరు తెరిచి అందరికి సూపెట్టిండు." నవ్వలేదు. కానీ నవ్వు ఆపుకుంటున్న గొంతు నాకు తెలుసు.

చివర్లో 'నువ్వు చూడాలె' అనలేదు.

నవంబర్ 23, ఆదివారం

సుకన్య వచ్చింది. ఎయిర్‌పోర్టులో అక్షరను పట్టుకుని ఏడ్చింది. నాతో, "మంచిగున్నవా?" అంది. ఉన్నానన్నాను. దారి పొడుగునా కారులో తల్లీబిడ్డలే మాట్లాడుకున్నారు. ఇంటికి రాగానే మంచినీళ్లిచ్చాను. గ్లాసు పట్టుకుని చూసి, పొయ్యి మీద వేడి చేసుకుని తాగింది.

నవంబర్ 24

బడికి పోలేదు. కోడికూర నేనే వండాను. నాలుగు రోజులుగా అత్త దగ్గర నేర్చుకుంటున్నాను. సుకన్య వంటింట్లోకి రాబోతే కూర్చోమన్నాను. "గరం మసాల ఏడున్నదో నీకు ఎరుకనా?" అంది. ఎరుకే అన్నాను. దొరకలేదు, వేయలేదు.

అక్షర కాలేజీకి పోయింది. ఇద్దరమే కూర్చున్నాం. వడ్డించాను. కాసేపు తిన్నాక నా కంచంలోంచి మంచి ముక్క ఒకటి చూసి, చేత్తో తీసి ఆమె కంచంలో పెట్టాను. చెయ్యి ఎందుకో దొంగతనం చేసినట్టు వెనక్కి వచ్చింది. సుకన్య ఆ ముక్కను చూసింది, నన్ను చూసింది.

"జనవరిల పోతాన" అంది. "ఆరు నెలలు. నిన్ను అడుగుతలేను, చెప్తాన."

"పో."

"మండుతదా?"

"మండుతుంది."

తల ఊపింది. కొంచెంసేపు తిని, "నీ పాస్‌పోర్టు ఎప్పటి దాక ఉన్నది?" అని అడిగింది.

"ఇంకా రెండేళ్లు."

"ఎండకాలం సెలవులల్ల రా. అమ్మ నేసిన జంపఖానా నువ్వే తీస్కరా. ముసలమ్మ ముచ్చట మేస్త్రికి నీ నోటితోటి నువ్వే చెప్పుకోవాలె, ఈసారి నేను అబద్ధమాడ. ఆయన నీ గిన్నెల గూడ ఏస్తడు. ఆయన పుల్లలతోటే. తింటవా?"

కంచంలో మెతుకులు ఒక పక్కకు తోశాను. తింటానన్నాను.

సుకన్య కంచం పక్కకు జరిపింది. అన్నం అయిపోయింది, కూర అయిపోయింది. నేను పెట్టిన ముక్క మాత్రం సగం కొరికి అంచున వదిలేసి ఉంది. యాకమ్మ బిడ్డ కంచంలో ఇన్నేళ్లలో నేను మెతుకు కూడా చూడలేదు. ఇక్కడ వదిలేస్తే నచ్చలేదని, అలిగిందని. అక్కడ వదిలేస్తే కడుపు నిండిందని. ఇది ఏ ఊరి లెక్కో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. అడగబుద్ధి కాలేదు.

చెయ్యి చాచి ఆ సగం ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను.

"ఎంగిలి అది" అంది సుకన్య.

"తెలుసు" అన్నాను.

ఉప్పు ఎక్కువైంది.